కలమళ్ల రాయి, మన పేరు

(తుమ్మలపల్లె సభలో చేసిన ప్రసంగం)



తుమ్మలపల్లె అంటే బయటివాళ్లకు యురేనియం గనే గుర్తొస్తుంది. ఒకప్పుడు మన కడప సీమ పేరు రేనాడు. 6వ శతాబ్దంలో ఇక్కడ రేనాటి చోళులు ఏలారు. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల గుడిలో వాళ్ల శాసనం ఉంది, సుమారు క్రీ.శ. 575 నాటిది. దొరికినవాటిలో పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనం అదేనంటారు. అందులో రాజు పేరు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు.

ఆ 'ఎరికల్' చూసి మన పిల్లలు "మన ఎరుకల రాజే" అని వాట్సాప్‌లో పెడుతున్నారు. ఎందుకో మాకు తెలుసు. బ్రిటిషువాళ్ల నేరస్థ తెగల చట్టం కింద మన తాతల పేర్లు పోలీసు రిజిస్టర్లకెక్కాయి. అట్లాంటి పేరు రాజు పేరులో కనబడితే గుండె పొంగదా!

కానీ ఆ వంశపు పుణ్యకుమారుడి మాలెపాడు రాగి శాసనం తమది కరికాల చోళుడి వంశమని చెప్పుకుంది. 'ఎరికల్' ఊరి పేరని కొందరు పండితుల లెక్క. రేపు ఎవరైనా ఆధారం అడిగితే మనం ఏం చూపిస్తాం?

మాకైతే ఆ రాయిలో వేరే సంగతి ముఖ్యం. అంతకుముందు శాసనాలు ఎక్కువగా ప్రాకృతంలో, సంస్కృతంలో వేయించేవాళ్లు. ఈ రాజులు జనం మాటను రాతికెక్కించారు. మన ఎరుకల భాషకు రాయీ లేదు, లిపీ లేదు. బుట్టలల్లే అవ్వ నోట్లో ఉంది, అంతే. చేతిలో ఫోనుంది కదా, ఈ రాత్రే ఆమె పక్కన కూర్చోండి. ఈతబరికెను, బుట్టను, వానను ఏమంటారో అడిగి రికార్డు చేయండి. తెలుగు లిపిలో రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.