దాత దేహంలో తరిగే ఇనుము

రక్తదానంలో పోయిన రక్తం తిరిగి పడుతుందన్న మాట నిజమే గాని, అందులోని ద్రవం ఒకటి రెండు రోజుల్లోనూ, ఎర్రకణాలు కొన్ని వారాల్లోనూ సమకూరినా, వాటితోపాటు వెళ్లిపోయిన ఇనుము భర్తీ కావడానికి నెలలు పడుతుందన్న సంగతి శిబిరాల్లో అరుదుగా వినిపిస్తుంది. 350 మి.లీ. రక్తంతో 150 మి.గ్రా.కు పైగా ఇనుము పోతుండగా, ఆహారం నుంచి పేగులు గ్రహించేది రోజుకు 1–2 మి.గ్రా. మాత్రమే, అదీ చాలావరకు దేహం నిత్యం కోల్పోయేదానికే సరిపోతుంది. ఒక్కసారి రక్తమిచ్చి ఐరన్ మాత్రలు వేసుకోనివారిలో 67 శాతం మందికి 168 రోజులు గడిచినా నిల్వలు నిండలేదని 2015లో వెలువడిన అమెరికా అధ్యయనం చూపింది. మన దేశంలోని నిబంధనలు మాత్రం పురుషులను 90 రోజులకూ, స్త్రీలను 120 రోజులకూ మళ్లీ దానానికి అనుమతిస్తున్నాయి.

ప్లేట్‌లెట్ల దాతకు ఈ బెడద లేదనుకోవడం పొరపాటు. అఫెరిసిస్ అనే పద్ధతిలో యంత్రం రక్తాన్ని గిరగిర తిప్పి, గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లను వేరుచేసుకొని ఎర్రకణాలను తిరిగి దాత నరంలోకే పంపుతుంది గాని, గొట్టాల్లో మిగిలిపోయినదీ, పరీక్షలకు తీసినదీ వెనక్కి రావు. విడతకు 10 మి.లీ. ఎర్రకణాలే పోయాయనుకున్నా, మిల్లీలీటరుకు సుమారు 1 మి.గ్రా. చొప్పున, ఏడాదికి అనుమతించిన 24 విడతలకు 240 మి.గ్రా. ఇనుము తరిగిపోతుంది.

దానానికి ముందు వేలికొసన గుచ్చి తీసే రక్తపు బొట్టు హిమోగ్లోబిన్‌ను మాత్రమే తెలుపుతుంది, అది డెసిలీటరుకు 12.5 గ్రాములుంటే దాత అర్హుడే. అయితే గాదె అడుగంటుతున్నా పొయ్యి మీది కుండ కొన్నాళ్లు నిండుగానే ఉన్నట్లు, నిల్వ ఇనుమును సూచించే ఫెరిటిన్ పడిపోయిన తరువాత గాని హిమోగ్లోబిన్ తగ్గదు. ఈలోగా ఆయాసం, రాత్రివేళ కాళ్లు నిలకడగా ఉండకపోవడం, బలపాలో పచ్చి బియ్యమో నమలాలనిపించడం వంటి లక్షణాలు కనిపించవచ్చు.

గిరిజనులుండే అరకు, పాడేరు కొండల్లోని దాతల విషయంలో ఆహారపు అలవాట్లనూ లెక్కలోకి తీసుకోవాలి. చోళ్లలో (రాగుల్లో) ఇనుము ఉన్నా, దానిని పేగులకు అందనివ్వని పదార్థాలూ వాటిలోనే ఉన్నందున, మొలకెత్తించి వాడడం, వెంట నిమ్మ గాని ఉసిరి గాని తీసుకోవడం మేలు. భోజనం చేయగానే తాగితే కాఫీ, టీ కూడా ఇనుమును అడ్డుకొనేవే. పైగా ఎర్రకణాలు వంకర తిరిగే సికిల్ సెల్ వంశపారంపర్య వ్యాధి ఇక్కడి గిరిజనుల్లో ఉన్నందున, హిమోగ్లోబిన్ తగ్గిన ప్రతివారికీ ఇనుము లోటేనని భావించి మాత్రలివ్వడం సరికాదు. ముందు ఫెరిటిన్‌నూ, సికిల్ సెల్‌నూ పరీక్షించి, లోటు తేలినవారికి వైద్యుని సలహాతో మాత్రలిస్తూ, నిల్వలు నిండేవరకు తరువాతి దానాన్ని వాయిదా వేయాలి.