బొమ్మ తుపాకి గేరుపెట్టె: విప్పుట, కూర్చుట



ఇట్టి సభలో నేను సాహిత్యమునో చరిత్రనో ముచ్చటింతునని మీరు తలచియుందురు. కాని నేడు చెప్పబోవునది ఒక ఆటబొమ్మ కడుపులోని యంత్రమును గూర్చి. నేను బి.ఏ. చదివినవాడను, యంత్రశాస్త్ర మెరుగను. జపానులో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుని యింట గత వేసవిలో కొన్నాళ్లుండి, అతనికి శిష్యుడనై ఈ పని నేర్చితిని. కావున క్రొత్తవాడు తెలిసికొనవలసినదే చెప్పెదను.

ఎయిర్‌సాఫ్ట్ అను క్రీడ 1970 దశకమున జపానులో పుట్టినది. నిజమైన తుపాకులపై ఆ దేశపు చట్టము మిక్కిలి కఠినము. అందుచే ప్లాస్టిక్ గుండ్లు చిమ్ము బొమ్మ తుపాకులు వ్యాపించినవి. 1991లో టోక్యో మరూయి సంస్థ గేరుపెట్టెతో నడచు విద్యుత్ తుపాకిని వెలువరించినది. ఇందలి గుండు సాధారణముగా 6 మిల్లీమీటర్లుండును.

పెట్టెలోని సూత్రము సైకిలు పంపుది వంటిదే. మోటారు వరుసగా మూడు పళ్లచక్రములను త్రిప్పును. మూడవదానికి అంచున కొంతమేరకే పళ్లుండును. ఆ పళ్లు పిస్టనును వెనుకకు లాగి స్ప్రింగును నొక్కును. పళ్లు ముగిసినంతనే స్ప్రింగు విడివడి పిస్టనును ముందుకు తోయును. సిలిండరులోని గాలి గుండును వెడలగొట్టును.

ఇక విప్పుట. మొదట కళ్లద్దములు ధరింపవలెను. గుండ్లపెట్టెను తీసి, గొట్టములో గుండు మిగిలినదేమో చూచి, బ్యాటరీని వేరుచేయవలెను. పిదప మోటారును తీయవలెను. ఇచ్చటనే తొందర కూడదు. చక్రములు వెనుకకు తిరుగకుండ ఒక చిన్న కొక్కెము పట్టియుంచును. ఆ పట్టులో స్ప్రింగు నొక్కుకొనియే యుండవచ్చును. కొక్కెమును మెల్లగా వదలించి, చక్రములను వెనుకకు తిరుగనిచ్చిన పిమ్మటనే మరల జోలికి పోవలెను. అప్పటికిని స్ప్రింగులో కొంత బిగువు మిగిలియుండును గనుక, వెనుకనుండి సన్నని కడ్డీతో దానిని నిలిపి మూత తీయవలెను. లేనిచో స్ప్రింగు ఎగిరిపడును, కంటికే ముప్పు.

పుటలకు అంకెలు వేయక ఫైలు విప్పిన గుమాస్తా గతి మన కెల్లరకు తెలిసినదే. ఇచ్చటను అంతే. ప్రతి దశను ఫోటో తీసి, మరలను, చిన్న స్ప్రింగులను వేరువేరు గిన్నెలలో నుంచవలెను. చక్రముల కిరువైపుల నుండు పలుచని బిళ్లలు ఏ ప్రక్కవి ఆ ప్రక్కనే యుండవలెను. అవి తారుమారైనచో చక్రములు ఒరసికొని అరగిపోవును.

కూర్చునపుడు మొదట చక్రములను మాత్రమే అమర్చి, మూత బిగించి వ్రేలితో త్రిప్పి చూడవలెను. తేలికగను, ఊగులాట లేకయు తిరిగినచో మరల విప్పి, పళ్లకు కొంచెము గ్రీజు, పిస్టను చివరనున్న రబ్బరు వలయమునకు సిలికాన్ కందెన పూసి, తక్కిన భాగము లమర్చవలెను. మూత కూడుకొననిచో బలము ప్రయోగింపరాదు. ఏదో యొక భాగము తన చోట లేదని దాని యర్థము. నా చేతిలో తరచుగా తప్పించుకొన్నది ఆ చిన్న కొక్కెమే.

మన యిండ్లలోని బాలురకు ఏ యంత్రమునైనను విప్పిచూచు కుతూహలము సహజము. దానిని గద్దింపక, ప్రక్కన కూర్చుండి ఒక్క మాట నేర్పుడు: ముందు బిగువు సడలింపుము, పిదప మూత తెరువుము. వారి కన్నులును నిలుచును, కుతూహలమును నిలుచును.