నొప్పి కబురు అందకపోతే



మన ఒంట్లో కరెంటు ఉందంటే నవ్వకండి. నరాల కణానికి లోపలా వెలుపలా మధ్య సుమారు 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. ముల్లు గుచ్చుకోగానే కణం పొరలోని సన్నని ద్వారాలు తెరుచుకుని సోడియం అయాన్లు లోపలికి వస్తాయి. వెంటనే పొటాషియం అయాన్లు బయటికి పోయి తేడా మళ్ళీ సర్దుకుంటుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు పని. ఈ అల పక్క భాగాన్ని లేపుతూ ముందుకు సాగుతుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరంలో దీన్ని కొలిచి 1952లో వివరించారు. 1963లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఫైలు మీద సగం సంతకం చెల్లదు. నరంలోనూ అంతే. సంకేతం వెళితే పూర్తిగా వెళుతుంది, లేకపోతే లేదు. దెబ్బ పెద్దదైతే సంకేతాల సంఖ్య పెరుగుతుంది.

మధుమేహం ఏళ్ళ తరబడి అదుపు తప్పితే సాధారణంగా ముందు దెబ్బతినేవి పొడవైన నరాలు, అంటే పాదాలవి. అప్పుడు మేకు దిగినా కబురు పైకి చేరదు. "నాకు నొప్పే లేదండీ" అనే పెద్దమనిషి పాదంలో పుండు ముదురుతూ ఉండవచ్చు.

కనుక రోజూ పాదాలు చూసుకోండి. కళ్ళు ఆనకపోతే ఇంట్లోవారి చేత చూపించుకోండి. చెప్పులు, బూట్లు దులిపి తొడుక్కోండి. తిమ్మిరి, మంట ఉంటే వయసు మీద నెట్టేయకుండా డాక్టరుగారికి చెప్పండి.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి మన కాళ్ళ మీద మనమే నడిచి వెళదాం. సెలవు.