దేర్‌ఫోర్: ‘ఆ తర్వాత’కీ ‘కాబట్టి’కీ తేడా

ఈరోజు మన పదం దేర్‌ఫోర్. అంటే ‘కాబట్టి’, ‘అందువల్ల’. లెక్కల్లో మూడు చుక్కలు పెట్టేవాళ్ళం, గుర్తుందా? ఆ గుర్తు 1659లో యోహాన్ రాన్ అనే స్విస్ ఆయన రాసిన ఆల్జీబ్రా పుస్తకంలో అచ్చయింది.

గ్రామర్ చిన్నదే. ‘సో’ లాగా కామా పెట్టి రెండు వాక్యాలను దీంతో అతికించకూడదు. ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ ఉండాలి. ‘ఇట్ వాజ్ రెయినింగ్; దేర్‌ఫోర్, వి స్టేయ్డ్ హోమ్.’ మాట్లాడేటప్పుడు మాత్రం ‘సో’ చాలు. ఇంట్లో దేర్‌ఫోర్ అంటే నవ్వుతారు.

అసలు చిక్కు అర్థంలో ఉంది. నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఒక రాత్రి సర్వర్ పడిపోయింది. ఆ సాయంత్రమే ఒక జూనియర్ కొత్త కోడ్ పెట్టాడు. ‘దేర్‌ఫోర్, ద ఇష్యూ ఈజ్ డ్యూ టు హిజ్ చేంజ్’ అని మేనేజర్‌కి మెయిల్ కొట్టేశాను. తెల్లారి చూస్తే ఎప్పటివో పాత లాగ్ ఫైళ్ళతో డిస్క్ నిండిపోయి ఉంది. అతని కోడ్‌కి సంబంధమే లేదు. నాకు తెలిసింది ‘ఆ తర్వాత’ మాత్రమే, నేను రాసింది ‘కాబట్టి’. ‘మే బి’ అని రాసినా సరిపోయేది. అందరికీ కాపీ పెట్టి సారీ మెయిల్ పంపాను. అయినా ఆ అబ్బాయి రెండు వారాలు నాతో టీకి రాలేదు.