సభలో మాట సరే, చట్టంలో రాత ఏది?

(కొల్లేటికోటలో తెలంగాణవాదుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పెద్దింట్లమ్మ సన్నిధికి తెలంగాణ నుంచి వచ్చినోళ్లం. మా కొట్లాట ఎప్పుడూ పాలకులతోనే. దెబ్బతిని నేర్చుకున్న పాఠం ఒకటి మీ ముందు పెడతాం.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం అయింది. ఉద్యోగాలకు, నిధులకు రక్షణ అన్నారు. ఎనిమిది మంది సంతకాలు పెట్టారు. అది చట్టం కాలేదు. తప్పితే అడిగే దిక్కు లేక 58 ఏళ్లు గోస పడ్డాం.

2014 ఫిబ్రవరి 20. అదే తేదీ! రాజ్యసభలో విభజన బిల్లు. వెంకయ్యనాయుడు గారు కర్ణాటక నుంచి ఎన్నికైనా, ఆంధ్ర లోటు మీద గట్టిగానే మాట్లాడారు. ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ల ప్రత్యేక హోదా ప్రకటించారు. చాలదు, పదేళ్లు కావాలన్నారు వెంకయ్య. కానీ బిల్లులో ఆ ముక్క చేరలేదు. మార్పు లేకుండానే గడప దాటింది. 2016లో ప్యాకేజీతో సరిపెట్టారు.

పోలవరం జాతీయ ప్రాజెక్టని అదే చట్టంలో రాశారు. ఆ రాత నిలిచింది. దానికోసం మా ఖమ్మం మండలాలు ఏడు పోయాయి. రాతకున్న బలం అది!

మీ కొల్లేరే చూడండి. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యమని ఉత్తర్వు రాశారు. 2006లో చెరువుల గట్లు పేల్చారు. మూడో కాంటూరుకు తగ్గిస్తామన్నది మాత్రం మాటే.

రేపు మీ ఎంపీ వస్తే ఎంతసేపు మాట్లాడావని అడగొద్దు. ఏ సవరణ పెట్టావు, ఏ సెక్షన్లో రాయించావు అని నిలదీయండి.