గట్టుమీది చెట్టు, చేనిలోని పైరు
(ఒక రైతుసభలో చేసిన ప్రసంగపాఠము)



చెట్లు నాటుడని చెప్పుటకు మేము ఈనాడు రాలేదు. ఆ మాట మీరు చిరకాలముగా వినుచున్నారు. 1950లో నాటి కేంద్ర ఆహార వ్యవసాయశాఖామాత్యులు శ్రీ కె. ఎమ్. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించినది మొదలు, తొలకరి పడగానే చెట్టును గూర్చిన ప్రచారము పల్లెలకు వచ్చుచునే యున్నది. నాటిన చెట్టు తన ప్రక్కనున్న పైరును ఏమి చేయును అన్న సంగతి మాత్రము ఆ ప్రచారములో అంతగా వినబడలేదు. మేము సయితము దానిని ఆలస్యముగానే తెలిసికొంటిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక మెట్టగ్రామమున మేము చెట్ల మహిమను వర్ణించుచుండగా ఒక పెద్దరైతు లేచి నిలిచెను. "అయ్యా, మీవాళ్ళు చెప్పినట్టే గట్టు పొడుగునా జామాయిలు పెట్టినాను. గట్టు పక్క నాలుగు సాళ్ళ జొన్న గింజ పట్టలేదు. ఆ గింజ ఎవరిస్తారు?" అని యడిగెను. గాలి చల్లబడుననియు, నేల కోతపడదనియు మేము ఏదో చెప్పితిమి. ఆయన వినయముగా విని కూర్చుండెను. సభ ముగిసిన పిమ్మట మమ్ము చేనికి తోడుకొనిపోయి చూపించెను. నడిచేనిలో జొన్న మనిషిని మించి యున్నది. గట్టునొద్ద మోకాలు దాటలేదు. మేము ప్రసంగములో చెప్పిన మాటలలో ఒక్కటియు ఆ నాలుగు సాళ్ళకు జవాబు కాజాలదని అప్పుడు తెలిసినది.

జవాబు మన పటాన్‌చెరులోనే యుండెను. 1972లో అచట నెలకొల్పబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థలో 1980 తరువాతి సంవత్సరములలో సుబాబులును వరుసలుగా పెంచి, వరుసల నడుమ పైరు వేసి చూచిరి. వర్షములు మెండుగా గల దేశములలో ఈ పద్ధతి మంచి పేరు పొందినది. చెట్టును ఎప్పటికప్పుడు నరికి, ఆకు చేనికి ఎరువుగా, పశువులకు మేతగా వాడవచ్చునని ఆశ. కాని మన మెట్టలో వరుసల ప్రక్కనున్న అలసంద, ఆముదము, జొన్న దెబ్బతినెను. అందరును నీడనే తప్పుపట్టిరి. శాస్త్రజ్ఞులు మాత్రము చెట్లవరుసకును పైరుకును నడుమ నేలలో అరమీటరు లోతున పాలిథీను తెర పాతిరి. నీడ ఎప్పటివలెనే పడుచున్నది. వేళ్ళు మాత్రము దాటలేకపోయినవి. పైరు కోలుకొనెను. అనగా వానలు తక్కువైన చోట చెట్టు పైనుండి దోచినదానికంటె క్రిందనుండి దోచినది అధికము; దోచినది నీరు. ఈ ప్రయోగఫలితములు 1989లో ప్రచురింపబడినవి.

దీనివలన రెండు విషయములు తేలినవి. ఆ పెద్దరైతు ఫిర్యాదు అజ్ఞానము కాదు, కంటితో చూచిన సత్యము. ఇది మొదటిది. ఉపాయము కూడ కలదన్నది రెండవది. చేనంతటను తెర పాతుట ఎవరికిని సాధ్యము కాదు గాని, గట్టుకును మొదటి సాలుకును నడుమ తొడలోతు కందకము త్రవ్వినచో పైపై వేళ్ళు తెగిపోవును. ఒకసారి త్రవ్వి ఊరకున్న చాలదు. కందకము పూడిపోవును, వేళ్ళు మరల దాటును. ఇది శ్రమతో కూడిన పనియే. అంత శ్రమపడుట కంటె, తగిన చెట్టును ఎన్నుకొనుట మేలని మా అభిప్రాయము.

నీడ నిర్దోషియని మేము అనుటలేదు. జొన్న, మొక్కజొన్న నిండుటెండ కోరును. పసుపు, అల్లము కొంత నీడను సహించును. రబీలో సూర్యుడు దక్షిణముగా నడచును గనుక నీడ ఉత్తరమునకు పడును. కావున ఉత్తరపు గట్టుమీద చెట్టు మీ చేనికి మేలే. కాని ఆ నీడ ఎవరి చేనిలో పడునో చూచుకొనుడు! గట్టు తగవులలో సగము అచటనే పుట్టును.

1985లో హైదరాబాదులో ఏర్పడిన కేంద్ర మెట్టవ్యవసాయ పరిశోధనా సంస్థవారు గట్లమీద గ్లిరిసీడియాను పెంచుమని చెప్పుచున్నారు. కొమ్మ పాతినను బ్రతుకును, ఎంత నరికినను చిగిర్చును. ఎండిన ఆకులో నూటికి రెండు మూడు పాళ్ళ నత్రజని యుండును. విత్తుటకు ముందు నరికి ఆకును చేనిలో కలిపినచో పైరు ఎదుగు వేళకు నీడయు తగ్గును, ఎరువును చేరును. కానుగ రొట్టను మన పెద్దలు పొలములో త్రొక్కించినది ఇందుకే గదా.

ఇక మనసునకు సంబంధించిన మాట. ఇంటిలో మగవారు పోయిన సాళ్ళను లెక్కింతురు. ఆడవారు పొయ్యిలోనికి వచ్చిన పుల్లను లెక్కింతురు. రెండును ఒకే చెట్టు లెక్కలే. మరియొక శంక కూడ కలదు: పెంచినది మనము, నరుకవలెనన్న అనుమతి ఇంకొకరిది. ఈ శంక ఇక్కడిది మాత్రమే కాదు. పటాన్‌చెరు సంస్థకు శాఖగల నైజరు అను ఆఫ్రికా దేశమున, పరదేశీయుల పాలననాటి చట్టములచే చెట్టు సర్కారుదై యుండెను. రైతులు చేలలో మొలచిన మోళ్ళను పెరికివేయుచుండిరి. 1980 తరువాత దక్షిణప్రాంతములలో చెట్టు తమదే యన్న నమ్మకము కలిగి, మోళ్ళనుండి లేచిన పిలకలను నరుకక కాపాడసాగిరి. సుమారు 50 లక్షల హెక్టార్ల చేలు ఆ విధముగా చెట్లతో నిండెను. నారుమళ్ళు పెంచి పంచిన చెట్లు కావవి. మన దేశమున 2014లో వెలువడిన జాతీయ వ్యవసాయ వనవిధానము కూడ నరుకుడు, రవాణా నిబంధనలు రైతును వెనుకకు లాగుచున్నవని ఒప్పుకొనినది. మీరు పెట్టదలచిన జాతికి అనుమతి కావలయునో అక్కరలేదో నాటకముందే అటవీసిబ్బందిని అడిగి తెలిసికొనుడు.

మా మాటను గాని, శాస్త్రజ్ఞుల మాటను గాని ఊరక నమ్మవలదు. కోతనాడు గట్టు ప్రక్క నాలుగు సాళ్ళ కంకులను వేరుగా, నడిచేనిలో అంతే పొడవుగల నాలుగు సాళ్ళ కంకులను వేరుగా కుప్పవేసి తూచుడు. ఏడాదిలో ఆ చెట్టు ఇచ్చిన పుల్ల, ఆకు, కలప ఇంటిలోని ఆడవారిని అడిగి వ్రాసికొనుడు. పరిశోధనాక్షేత్రమున చేయునదియు ఇదియే. కాగితములు మాత్రము వారికి ఎక్కువ.

ఆ పెద్దరైతు జామాయిలును తీసివేసెను. మేము వారింపలేదు. పోయిన తొలకరికి ఆ గట్టుమీద ఇరువది గ్లిరిసీడియా కొమ్మలు నాటినట్లు కబురు పంపెను. వానిలో ఎన్ని బ్రతికినవో చూచుటకు కోతలవేళ మేము అచటికి పోవుచున్నాము. మీ గట్లమీది చెట్లను గూర్చి మీరు చెప్పవలసినది ఇక చెప్పుడు, మేము వ్రాసికొందుము.