గురక తగ్గాలంటే నాలుకకి ఎక్సర్‌సైజ్: రోజూ ఇలా చేయండి

హాస్టల్ రూమ్‌లో గురక పెట్టేవాడు ఒకడుంటే మనం ఏం చేస్తాం? దిండు విసురుతాం. లేదా వీడియో తీసి గ్రూప్‌లో పెట్టి నవ్వుకుంటాం. ఈరోజు ఆ వీడియోనే ఒకసారి నవ్వకుండా విందాం.

ముందు గురక ఎందుకొస్తుందో చూద్దాం. నిద్ర పట్టాక ఒళ్ళంతా సడలినట్టే నాలుక, కొండనాలుక, గొంతు కండరాలు కూడా సడలిపోతాయి. గాలి వెళ్ళే దారి ఇరుకవుతుంది. ఆ సందులోంచి గాలి దూరేటప్పుడు అక్కడి మెత్తటి భాగాలు అదురుతాయి. ఆ అదురే గురక.

కొంతమందికి ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. 10 సెకన్లో, అంతకంటే ఎక్కువో ఊపిరి ఆడదు. అప్పుడు మెదడు లేపుతుంది. మనిషి ఉలిక్కిపడి, గట్టిగా గాలి పీల్చుకుని మళ్ళీ నిద్రలోకి జారిపోతాడు. పొద్దున్నకి చాలామందికి ఇదేదీ గుర్తుండదు. దీన్నే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు.

సడలిపోయేవి కండరాలే కదా, మరి వాటికి వ్యాయామం చేయిస్తే? బ్రెజిల్‌లోని సావో పాలోలో అదే చేసి చూశారు. 2009లో వచ్చిన స్టడీలో, మధ్యస్థాయి ఆప్నియా ఉన్నవాళ్ళు మూడు నెలలు ఇలాంటి ఎక్సర్‌సైజులు చేస్తే, ఊపిరి ఆగిపోవడం, తగ్గిపోవడం గంటకి సగటున 22 సార్ల నుంచి 14కి వచ్చింది. తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

సరే, సెల్ఫీ కెమెరా ఆన్ చేసి అద్దంలా పెట్టుకోండి. నాతోపాటు చేయండి.

ఒకటి. నాలుక కొనని పై పళ్ళ వెనక అంగిలికి ఆనించి, అలాగే వెనక్కి జరపండి. 20 సార్లు.

రెండు. నాలుక మొత్తాన్ని అంగిలికి అతికినట్టు పైకి పీల్చి నొక్కండి. 20 సార్లు.

మూడు. నాలుక కొన కింది పళ్ళకి తగిలేలా ఉంచి, నాలుక వెనక భాగాన్ని కిందికి నొక్కండి. 20 సార్లు.

నాలుగు. నోరు బాగా తెరిచి "ఆ" అనండి. కొండనాలుక పైకి లేవాలి. 20 సార్లు.

ఐదు. శుభ్రంగా కడుక్కున్న వేలు నోట్లో పెట్టి బుగ్గని బయటికి నెట్టండి. బుగ్గేమో వేలిని లోపలికి నెట్టాలి. ఒక్కో వైపు 10 సార్లు.

ఇక అన్నం తినేటప్పుడు రెండు వైపులా మార్చి మార్చి నమలండి.

ఇదంతా ఎనిమిది నిమిషాల పని, రోజుకి మూడుసార్లు. వారం చేసి వదిలేస్తే లాభం లేదు, మూడు నెలలు ఓపిక పట్టాలి.

ఇప్పుడు అసలు విషయం. ఈ రాత్రి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పడుకోండి. పొద్దున్న వినేటప్పుడు గురక శబ్దం కాదు, మధ్యలో వచ్చే నిశ్శబ్దం వినండి. గురక టక్కున ఆగి, కాసేపు ఏ చప్పుడూ లేక, తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు గాలి పీల్చుకుంటున్నారా? పొద్దున్నే తలనొప్పి, పగలు క్లాసులోనో బండి మీదో కునుకు వస్తోందా? అయితే ఎక్సర్‌సైజులతో సరిపెట్టుకోవద్దు. ఈఎన్‌టీ డాక్టర్‌నో, ఊపిరితిత్తుల డాక్టర్‌నో కలిసి స్లీప్ స్టడీ చేయించుకోండి. పట్టించుకోకపోతే బీపీ, గుండె జబ్బుల దాకా వెళ్ళొచ్చు. ఇప్పటికే సీప్యాప్ మెషీన్ వాడుతున్నవాళ్ళు, డాక్టర్ చెప్పకుండా దాన్ని ఆపకండి.

మీ రూమ్మేట్ గురక వీడియో మీ దగ్గర ఉందా? గ్రూప్‌లో పెట్టకండి. వాడికే పంపించి, "ఒరేయ్, మధ్యలో నీ ఊపిరి ఆగుతోందిరా, డాక్టర్ దగ్గరికి వెళ్దాం పద" అనండి.